మూలకుడుక మునిగేలోగా

ఏడో రోజు పొద్దు పొడిచేసరికి మన మైలారుడు ఎక్కడున్నాడో చెబితే నమ్మరు. మేఘకోన జలపాతం నట్టనడుమ, తెగడానికి సిద్ధంగా ఉన్న ఒక అడవితీగ పట్టుకుని, కాళ్ళు గాల్లో ఆడిస్తూ వేలాడుతున్నాడు. కిందికి చూస్తే నూరు నిలువుల లోతు. పైకి చూస్తే మొహం పగిలేలా నీళ్ళు. తీగేమో పోగు పోగుగా తెగుతోంది.

"మైలారూ! కుడిచెయ్యి చాపు! అది కాదయ్యా, కుడిది, కుడిది!" పైన రాతి అంచు మీద బోర్లా పడుకుని అరుస్తోంది రాకుమారి వింధ్యావళి.

"ఇదే నా కుడిచెయ్యి రాకుమారీ! మీరు ఎదురుగా ఉన్నారు గనక ఎడమలా కనబడుతోంది!"

"వాదన తర్వాత పెట్టుకుందాం, ముందు చాపు!"

చాపాడు. ఆమె అందుకుంది. తీగ పుటుక్కున తెగింది. వింధ్యావళి రాతిపగుల్లో కాళ్ళు తన్నిపట్టి ఒక్క గుంజు గుంజేసరికి ఇద్దరూ జలపాతం వెనకున్న గుహలోకి దొర్లుకుంటూ వెళ్ళి పడ్డారు. మైలారుడు ముందు తల తడుముకున్నాడు. ఉంది. తర్వాత నీళ్ళతెర అవతల ఎర్రగా పైకి లేస్తున్న సూర్యుణ్ణి చూశాడు.

"మిట్టమధ్యాహ్నానికి పదిహేను గడియల పొద్దే ఉంది. మా అక్కకు కూడా అంతే ఉంది," అన్నాడు.

ఇన్ని తిప్పలు దేనికంటే, మణివాహిని నదికి ఎగువన శిఖరపురం, దిగువన సస్యపురి. నూరేళ్ళ కిందట నీళ్ళకోసం కొట్టుకుని కొట్టుకుని, ఇక కొట్టుకోవడానికి మగవాళ్ళే మిగలని స్థితి వచ్చాక, ఇద్దరు రాజులూ బుద్ధి తెచ్చుకుని జంటతూముల ఆనకట్ట కట్టించారు. ఒకే అచ్చులో మూడు గడియకుడుకలు పోయించారు. గడియకుడుక అంటే అడుగున సన్నని బెజ్జం ఉన్న పంచలోహపు గిన్నె. నీళ్ళ మీద వదిలితే మెల్లమెల్లగా నిండి, సరిగ్గా ఒక గడియకు బుడుంగున మునుగుతుంది. కుడుక పదహారుసార్లు మునిగేదాకా శిఖరపురం తూము తెరవాలి, అది మూసి మరో పదహారుసార్లు మునిగేదాకా సస్యపురి తూము తెరవాలి. ఎవరి వంతు వాళ్ళు తమ కుడుకతోనే కొలుచుకోవాలి. మూడోదైన మూలకుడుకను నది పుట్టిన ఈ మేఘకోన గుహలో దాచారు. పేచీ వస్తే అదే సాక్షి.

తూములెత్తి దించి నీళ్ళు పంచే పనివాళ్ళను నీరటులంటారు. సస్యపురికి తరతరాలుగా నీరటి పని మైలారుడి ఇంటిదే. తల్లీతండ్రీ పోయాక ఆ పని అక్క నీలాంబ చేతికొచ్చింది. తమ్ముణ్ణి చంకనేసుకుని తూములెత్తిన మనిషి ఆమె. మూడేళ్ళుగా సస్యపురి కాలవల చివరి పొలాలకు చుక్క చేరడం లేదు. వరి వెన్ను తియ్యకముందే ఎండి గడ్డవుతోంది. చూసి చూసి నీలాంబ ఆనకట్ట ఎక్కి, "శిఖరపురం వాళ్ళు మా నీళ్ళు దొంగిలిస్తున్నారు!" అని నలుగురి ముందూ అనేసింది. ఇంకేముంది! శిఖరపురపు రాజు ప్రచండవర్మ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. సస్యపురి రాజు సత్యంధరుడు సేనతో వచ్చి ఇవతలి ఒడ్డున దిగాడు.

ఆనకట్ట మీది శాసనంలో ఉన్నది ఇది: నింద మోపినవారు ఏడోరోజు మధ్యాహ్నంలోగా మూలకుడుక తెచ్చి పరీక్షకు పెట్టాలి. తేలేకపోతే జలశిక్ష, అంటే తూమురాయికి కట్టి మడుగులోకి తోసెయ్యడం. దాని కింద ఇంకో వరుస కూడా ఉంది. కుడుక కొలత చెడగొట్టిన చేతికి కూడా అదే జలశిక్ష. మూలకుడుక మునిగిన క్షణానే తీర్పు, ఆ క్షణానే అమలు. నీలాంబను బందీగా ఉంచుకుని, కుడుక కోసం తమ్ముణ్ణి పంపారు. శాసనంలోని ఆ రెండో వరుస తలుచుకున్నప్పుడల్లా మైలారుడికి భలే హుషారు వచ్చేది. 'ఉండండ్రా దొంగల్లారా, మీ పని చెబుతా' అనుకునేవాడు.

ఇక ప్రచండవర్మ కూతురు శత్రుదేశపు నీరటి వెంట ఎందుకొచ్చిందంటారా? తండ్రి పక్కన చేరిన మాంత్రికుడు కరాళకంఠుడంటే ఆమెకు మొదటినుంచీ పడదు. మెడచుట్టూ ఎర్రటి మచ్చ ఉన్న ఆ మహానుభావుడు, రెండు సేనల నెత్తురూ మణివాహినిలో కలిసిననాడు నదిగర్భంలో పాతాళానికి దారితీసే నాగబిలం తెరుచుకుంటుందని తనలో తాను గొణుక్కోవడం ఆమె చెవిన పడింది. తండ్రికి చెబితే నవ్వేశాడు. దాంతో, "దొంగలం మేమే అయితే అది నా కళ్ళతో చూడాలి," అంటూ మైలారుడి వెంట వచ్చేసింది.

సరే, గుహలోకి వద్దాం. అబ్బ, ఏం గుహ అది! పైకప్పు నిండా స్ఫటికాలు వేలాడుతున్నాయి. ఒక్కోదాని కొసన ఒక్కో నీటిబొట్టు, ఒక్కో బొట్టులో ఒక్కో బుల్లి సూర్యుడు. గోడల వెంబడి పచ్చల పొర, దాని మీద జారే నీళ్ళు ఏదో పాత పాట మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టినట్టు సన్నగా మోగుతున్నాయి. నడుమ పాలరాతి కొలను, కొలను నడుమ తామరమొగ్గలా చెక్కిన పీఠం, దాని మీద ఓ చిన్న గిన్నె. నూరేళ్ళుగా మనిషి చెయ్యి తగలని మూలకుడుక!

"ఇంత తేలికా?" అంటూ మైలారుడు కొలనులో కాలు పెట్టాడు.

తేలిక కాదని వెంటనే తెలిసింది. కొలను అడుగున ఉన్న నల్లబండ కదిలింది. బండకు కాళ్ళు వచ్చాయి. రెండు, నాలుగు, ఎనిమిది! వాటి ముందు పట్టకారుల్లాంటి రెండు డెక్కలు లేచాయి, ఒక్కోటి కోటతలుపంత. బండ మీద రెండు కళ్ళు కాడలమీద నిక్కి చూశాయి.

వింధ్యావళి కత్తి దూసింది. మైలారుడు మాత్రం ఫక్కున నవ్వాడు.

"నవ్వుతావేమయ్యా! అది రాక్షసి!"

"రాక్షసేమిటి రాకుమారీ, ఎండ్రకాయ! గట్లకు బెజ్జాలు పెట్టే జాతి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మా ఇంటికీ వీటికీ పగ. కాకపోతే ఇది కాస్త మేత ఎక్కువైంది. కత్తి లోపల పెట్టండి, దాని డిప్పకు గీత కూడా పడదు. ఆ శాలువా దాని కళ్ళముందు ఆడించండి!"

ఆమె ఎర్రశాలువా తీసి ఊపింది. పీత డెక్కలు చాపి అటు ఉరికింది. ఫెడేల్! ఆమె ఒక్క అరంగుళంలో తప్పుకుంది, వెనకున్న స్ఫటికస్తంభం పిండయింది. ఈలోగా మైలారుడు చుట్టూ తిరిగి వెనకనుంచి దాని వీపెక్కాడు. ఎండ్రకాయను ఎప్పుడూ వెనకనుంచే పట్టాలి, డెక్కలు వీపు దాకా మడతపడవు. నడుముకు చుట్టుకున్న మోకు విప్పి, పొలంగట్టు మీద పిల్లలు గడ్డిపోచతో కట్టినట్టే, తెరిచిన డెక్క మూసుకోగానే ఓ చుట్టు, రెండోదానికి ఓ చుట్టు, రెండింటికీ కలిపి ముడి. పీత గింగిరాలు తిరిగింది. మైలారుడు ఎగిరి పీఠం మీద పడ్డాడు. లేచేసరికి మూలకుడుక గుండెకు హత్తుకుని ఉంది.

"దొరికిందీ!" అని కేక పెట్టాడు. గుహంతా "దొరికిందీ, దొరికిందీ" అని మారుమోగింది. పీతకు ఆ కేక నచ్చినట్టు లేదు. కట్టిన డెక్కలతోనే గోడను ఢీకొట్టేసరికి పైకప్పు కూలడం మొదలైంది.

కొలను అవతలి ఒడ్డున, పీత కిందటేడు విడిచిన పాత డిప్ప బోర్లాపడి ఉంది. ఇద్దరూ దాన్ని వెల్లకిలా తిప్పి అందులో దూకారు. అంతే, జలపాతం వాళ్ళను గుహలోంచి ఊడ్చి బయట పారేసింది.

ఆ పడటం సంగతి అడక్కండి! నూరు నిలువులూ గాల్లోనే. కిందపడి, మునిగి, తేలి, రాళ్ళమధ్య బొంగరంలా తిరుగుతూ డిప్ప నది వెంట దూసుకుపోయింది. ఇటు కొండ, అటు కొండ, నడుమ తెల్లగా నురగలు కక్కుతూ మణివాహిని. మైలారుడు నీళ్ళ చప్పుడు వింటూనే ఎక్కడ లోతో, ఎక్కడ రాయో చెప్పేస్తున్నాడు. వింధ్యావళి ఒక దుంగను తెడ్డుగా పట్టుకుని అలాగే తిప్పుతోంది.

అంతలో నెత్తిమీద నీడ పడింది. ఒకటి కాదు, ఇరవై రాబందులు! అన్నిటికంటే పైన, మెడచుట్టూ ఎర్రచార ఉన్న ఒక పెద్ద రాబందు, తొందర లేకుండా చుట్లు కొడుతోంది.

"కుడుక దాచు!" అంటూ వింధ్యావళి నడుమున దోపుకున్న వడిసెల తీసింది. డిప్ప అడుగున గులకరాళ్ళు బోలెడు. ఒక రాయి, ఒక రాబందు. ఒక రాయి, ఒక రాబందు. ఆమె గురి చూస్తుంటే మైలారుడికి ఆకలి కూడా గుర్తు రాలేదు. పన్నెండోది పడ్డాక మిగిలినవి కొండ చాటుకు తప్పుకున్నాయి. ఎర్రమెడది మాత్రం ఆనకట్ట వైపు వెళ్ళిపోయింది.

నది కాస్త నెమ్మదించింది. మైలారుడు కండువాలోంచి కుడుక తీసి ఎండలో పట్టుకున్నాడు. మందంగా, మసకగా ఉంది. అడుగున బెజ్జం ఆవగింజంత.

ఆవగింజంత! అతని చెయ్యి ఆగిపోయింది. తమ ఇంట్లో ఉన్న సస్యపురి కుడుక బెజ్జంలో జొన్నగింజ పడుతుంది. చిన్నప్పుడు జొన్నగింజ ఇరికించి, ఊడిరాక అక్క చేత వీపు విమానం మోత మోగించుకున్నాడు గనక అది బాగా గుర్తు.

"రాకుమారీ, మీ శిఖరపురం కుడుక ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుంది, నల్లగా, సున్నపురాయిలా గరుకుగా. గంగమ్మ సొత్తు కదా, దాని ఒంటి మీద చెయ్యి రుద్దితే అపచారమని మా నీరటి బయ్యన్న తాత నీళ్ళలోంచి తీసి అలాగే గూట్లో పెడతాడు. వాళ్ళ తాతా అంతే. ఏం?"

"మా ఇంట్లో రోజూ తోముతారు," అన్నాడు మైలారుడు మెల్లగా. "గంగమ్మ సొత్తు కదా, తళతళలాడకపోతే అపచారమని. చింతపండూ, ఇటుకపొడీ పెట్టి పొద్దున్నే అక్క తోముతుంది. అమ్మ తోమింది. నాయనమ్మ తోమింది."

వింధ్యావళి తెడ్డు ఆపింది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. నూరేళ్ళు తోమి తోమి సస్యపురి కుడుక బెజ్జం పెద్దదైంది, తొందరగా మునుగుతోంది, తూము తొందరగా మూసుకుంటోంది. నూరేళ్ళు తోమకపోతే శిఖరపురం కుడుక బెజ్జానికి సున్నం పట్టింది, ఆలస్యంగా మునుగుతోంది, తూము అలాగే తెరిచి ఉంటోంది. దొంగ అనేవాడే లేడు!

"అయితే యుద్ధం లేదు!" అని వింధ్యావళి ఎగిరి గంతేసింది. డిప్ప తలకిందులు కాబోయి ఆగింది. "పద పద, మీ అక్క బతికినట్టే!"

మైలారుడి కళ్ళముందు మాత్రం శాసనంలోని రెండో వరుస ఆడుతోంది. కుడుక కొలత చెడగొట్టిన చేతికి జలశిక్ష. ఏ వరుస తలుచుకుని ఇన్నాళ్ళూ మీసం దువ్వాడో, ఆ వరుసే ఇప్పుడు అక్క మెడకు చుట్టుకుంది. కుడుకను నదిలో పారేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ పారేస్తే మధ్యాహ్నానికే అక్కను తోసేస్తారు. తెచ్చి పెడితే కనీసం ఒక్క గడియ దొరుకుతుంది. ఆ గడియలో ఏదో ఒకటి చెయ్యకపోతానా అని పళ్ళు బిగించాడు.

ఆనకట్టకు కోసెడు దూరంలో శిఖరపురం సేన నదికి అడ్డంగా గొలుసులు కట్టింది. మైలారుడనేవాడు కనబడితే పట్టి బంధించమని కరాళకంఠుడి ఆజ్ఞ. ఇద్దరూ డిప్ప దిగి, వెళ్ళేటప్పుడు తుప్పల్లో దాచిన మూట విప్పారు. కాసేపటికి సేన కాపలా ముందుకు ఓ సోదెమ్మ వచ్చింది. నుదుట రూపాయంత బొట్టు, చంకన బుట్ట. వెనక ఆమె మొగుడు, మొహం నిండా పసుపు పూసుకుని, మూగవాడిలా.

"సోదె చెబుతానయ్యా సోదె! ఉన్నదున్నట్టు చెబుతా, లేనిది లేనట్టు చెబుతా!"

కాపలా నాయకుడు గుండప్ప, బొర్ర మీసాలవాడు, చెయ్యి చాపాడు. వింధ్యావళి ఆ చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. "అయ్యో నాయనా, నీ ఇంట్లో నీ మాట ఎవరూ వినరే!"

సైనికులంతా గొల్లున నవ్వారు. గుండప్ప మొహం మాడ్చుకుని, "దాహంగా ఉంది, ఆ గిన్నె ఇలా తే," అని బుట్టలోంచి మూలకుడుక లాక్కున్నాడు! గుండప్ప కుండలోంచి నీళ్ళు ముంచి ఎత్తాడు. అడుగు బెజ్జంలోంచి సన్నధార మీసాల మీద, మీసాల మీంచి బొజ్జ మీద.

"ఓటి గిన్నె!"

"నా ఖర్మ నాయనా," అని వింధ్యావళి మైలారుడి వీపు మీద ఒక్కటి చరిచింది. "ఈ మొద్దు సంతలో కొన్నాడు. కళ్ళు నెత్తిన పెట్టుకుని కొంటే ఇంతే మరి!"

మూగవాడు తప్పు చేసినట్టు తల వంచుకున్నాడు. గుండప్ప నవ్వుతూ గిన్నె బుట్టలో పారేసి, "ఫో ఫో," అని దారి వదిలాడు. నాలుగడుగులు వేశాక మైలారుడు గొణిగాడు, "అంత గట్టిగా కొట్టాలా?"

"మూగవాడివి, మాట్లాడకు."

ఆనకట్ట దగ్గర ఏమని చెప్పను! అటువైపు నీలిరంగు ధ్వజాలు, ఇటువైపు పసుపురంగు ధ్వజాలు, గాలికి పటపటా కొట్టుకుంటున్నాయి. ఏనుగుల నుదుట బంగారు రేకులు, గుర్రాల మెడల్లో మువ్వలు, ఎండలో లక్ష బల్లెపు మొనలు. శంఖాలు నోళ్ళ దగ్గర పెట్టుకుని ఇరువైపులా సిద్ధంగా ఉన్నారు. నడుమ గోడ మీద, తూమురాయికి కట్టేసి నీలాంబ. పక్కన నల్లటి అంగరఖాలో కరాళకంఠుడు. ఆమె నీడ కాళ్ళ కిందికి చేరుతోంది.

"మధ్యాహ్నమైంది మహారాజా! తోసెయ్యమంటారా?" అన్నాడు మాంత్రికుడు.

"ఆగండి!" మూగమొగుడి గొంతు ఆనకట్ట అంతా మోగింది. మైలారుడు మొహాన పసుపు తుడుచుకుంటూ, మూలకుడుక రెండు చేతులా ఎత్తిపట్టుకుని పరిగెత్తాడు.

నీలాంబ తమ్ముణ్ణి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగినా మాట మాత్రం మారలేదు. "ఏరా, గిన్నె తేవడానికి ఏడు రోజులా? తిండి తిన్నావా లేదా?"

సోదెమ్మ బొట్టు చెరుపుకుని నిలబడేసరికి ప్రచండవర్మ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. "నాన్నగారూ, తిట్లు తర్వాత. ముందు పరీక్ష," అంది వింధ్యావళి.

రాతితొట్టిలో నీళ్ళు నింపారు. సస్యపురి కుడుక వచ్చింది, బంగారంలా తళతళా. శిఖరపురం కుడుకను బయ్యన్న తాత తెచ్చాడు, బొగ్గులా నల్లగా. మూడూ ఒక్కసారే వదిలారు. లక్షమంది ఊపిరి బిగబట్టి మూడు చిన్న గిన్నెలను చూస్తూ నిలబడ్డారు.

ముప్పాతిక గడియ కాకముందే తళతళలాడేది బుడుంగున మునిగింది. సస్యపురి సేన హాహాకారం చేసింది. మూలకుడుక అంచుకు నీళ్ళు రావడానికి ఇంకా రెండు వేళ్ళుంది. నల్లటిదైతే సగం కూడా నిండలేదు.

"చూశారా! దొంగలు దొరికారు!" అని సత్యంధరుడు కత్తి మీద చెయ్యి వేశాడు.

"దొంగలు లేరు ప్రభూ!" మైలారుడు రెండు గిన్నెలూ ఎత్తి చూపించాడు. "ఇది తోమి తోమి అరిగింది. అది తోమక తోమక పూడింది. ఎవరూ ఎవరివీ తినలేదు. భక్తి ఎక్కువై చెడింది!"

ఇరువైపులా గుసగుస మొదలైంది. బల్లేలు కాస్త కిందికి వంగాయి. ఎవడో నవ్వాడు కూడా. ఆ నవ్వు పాకేలోగా కరాళకంఠుడు శాసనం మీద వేలు పెట్టాడు. "అయితే కొలత చెడిన మాట నిజమే కదా. ఏ చెయ్యి చెడగొట్టింది? మూలకుడుక మునిగేలోగా చెప్పాలి."

మైలారుడు 'నేనే' అందామని ముందుకు కదిలాడు.

"నేనే తోమాను," అంది నీలాంబ, అతని కంటే ముందు. "రోజూ, చింతపండు పెట్టి. వాడికి గిన్నె తోమడం చేతకాదు, వాడి మాట నమ్మకండి."

బయ్యన్న తాత వణుకుతూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. "నేను తోమలేదు తల్లీ. మరి అదీ తప్పేగా. నన్నూ కట్టండి."

ఒకరు తోమినందుకు, ఒకరు తోమనందుకు! ప్రచండవర్మ మొహం పాలిపోయింది. "శాసనం మార్చాలంటే ఇద్దరు రాజులూ ఒకే చాప మీద కూర్చోవాలి," అని గొణిగాడు. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఇరవై ఏళ్ళు. మూలకుడుక అంచు నీటిమట్టానికి ఇంకొక్క వేలు. ఇంకా అర వేలు.

కరాళకంఠుడు తొట్టివైపు చూశాడు. నీరటులిద్దరూ పోతే అతనికేం ఒరుగుతుంది? అతనికి కావలసింది లక్షమంది నెత్తురు. మూలకుడుక మునిగిందంటే కొలత తేలిపోతుంది, కొత్త కుడుకలు పోస్తారు, సేనలు ఇళ్ళకు పోతాయి. ఒక్క అరుపు అరిచాడు. అంగరఖా రెక్కలైంది, ముక్కు వంకీ తిరిగింది, మెడమీది ఎర్రమచ్చ ఎర్రచారైంది. నీళ్ళు అంచు తాకే క్షణాన ఎర్రమెడ రాబందు మూలకుడుకను కాళ్ళతో తన్నుకుని గాల్లోకి లేచింది!

"మునగలేదు! తీర్పు లేదు! ఇక తన్నుకు చావండి!" అని పైనుంచి వికటంగా నవ్వింది.

"మునగలేదు గనక తీర్పూ లేదు, శిక్షా లేదు," వింధ్యావళి తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "యుద్ధమూ లేదు. కుడుక వచ్చేదాకా మూడు రోజులు ఆగండి, నాన్నగారూ. ఈలోగా ఆ చాప నేను పరుస్తాను. మైలారూ, నువ్వు దాన్ని వదలకు!"

మైలారుడు గోడ అంచున నిలబడిపోయాడు. రాబందు బరువుగా రెక్కలు కొడుతూ ఆనకట్ట మీదుగా తిరుగుతోంది, ఇంకొక్క చుట్టుకు అందకుండా పోతుంది. కుడుక రాకపోతే మూడు రోజుల్లో రెండు దేశాలూ తన్నుకుంటాయి. వచ్చి మునిగితే, చాప పరవకపోతే, అక్క ఉండదు. ఆ రాని గిన్నె ఆసరాతోనే ఆమె ప్రాణం నిలిచి ఉంది.

"ఒరేయ్ తమ్ముడూ!" కట్టేసిన చోటినుంచే నీలాంబ అరిచింది. "నిలబడ్డావేంరా? చివరి పొలాలు ఎండిపోతున్నాయి, కనబడటం లేదా? పో, పట్టుకురా!"

మైలారుడు పరిగెత్తాడు. గోడ అయిపోయింది, కాళ్ళ కింద నేల అయిపోయింది, రెండు చేతులూ చాపి శూన్యంలోకి దూకాడు. వేళ్ళకు గరుకుగా రాబందు కాలు తగిలింది. పట్టుకున్నాడు. అది కీచుమంటూ అతన్ని మోసుకుని పైపైకి లేచింది. కింద ఆనకట్ట చిన్నదైంది, ధ్వజాలు చిన్నవయ్యాయి, తూమురాయి దగ్గర అక్క చిన్నదైపోయింది.

గొంతు మాత్రం ఇంకా వినబడుతూనే ఉంది.

"ఈసారి మాత్రం తోమకురోయ్!"